జారాలి, పట్టాలి: ఎల్‌ఎస్‌డి క్రౌన్ ఆయిల్‌లో కలిపే చిన్న సీసా గురించి
(అనంతపురంలో మెకానిక్‌ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. కొందరు షెడ్డు మూసేసి చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చినట్టున్నారు. పర్వాలేదు, ఈ ప్లేట్లు పట్టుకోవడానికి ఆ చేతులే బాగుంటాయి. ఒకరి దగ్గర నుంచి ఒకరికి ఇస్తూ వెనక వరుస దాకా పంపండి.

రెండు రకాలున్నాయి చూడండి. ఒకటి నున్నటి ఉక్కు ప్లేటు. బయటి అంచున చెవులున్నాయి, అవి డిఫరెన్షియల్ కేసులోని, అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెలోని, గాడుల్లో కూర్చుంటాయి. రెండోదానికి లోపలి అంచున పళ్లున్నాయి, అవి సైడ్ గేర్‌ను, అంటే చక్రాన్ని తిప్పే గేరును, పట్టుకుంటాయి. ఈ రెండోదాని ముఖం మీద గోరుతో గీకండి. సన్నటి గాళ్లు తగులుతాయి, ఆయిల్ అక్కడ నిలుస్తుంది. అదొకటి, ఇదొకటి వరుసగా పేర్చి, స్ప్రింగుతో అదిమి పెడితే అదే ఎల్‌ఎస్‌డిలోని, అంటే ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లోని, క్లచ్ ప్యాక్. బైకు క్లచ్ విప్పినవాళ్లకు కొత్తగా ఏమీ కనిపించదు. ఒకే తేడా, బైకులో లివర్ పట్టుకుని మనమే వదిలిస్తాం. ఇక్కడ లివర్ లేదు. ఇది ఎప్పుడూ సగం పట్టుకునే ఉంటుంది, అయినా అవసరమైనప్పుడు జారాలి. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ జారుడు గురించే, దానికోసం క్రౌన్ ఆయిల్‌లో, అంటే ఆ గేర్ల పెట్టెలోని ఆయిల్‌లో, కలిపే చిన్న సీసా మందు గురించే.

ఎల్‌ఎస్‌డి ఎందుకొచ్చిందో మీకు తెలుసు, రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఒకే టార్క్ ఇస్తుంది. ఉరవకొండ వైపు నల్లరేగడిలో వాన పడ్డ మర్నాడు బండి దిగింది, ఒక చక్రం గట్టి నేల మీద, ఇంకొకటి బురదలో ఉందనుకోండి. బురదలో ఉన్నదానికి పట్టు లేదు, అది తీసుకునే టార్క్ తక్కువ. గట్టి నేల మీది చక్రానికీ అంతే అందుతుంది. అది కదలదు, ఇది తిరుగుతూనే ఉంటుంది, డ్రైవరేమో యాక్సిలరేటర్ తొక్కి ఇంకా లోతుకు దింపుతాడు. రేసు కార్లకూ ఇదే బాధ. 1930లలో జర్మనీలో ఆటో యూనియన్ రేసు కార్లకు బలం ఎక్కువై వెనక చక్రం ఊరికే తిరిగిపోతుంటే, జడ్‌ఎఫ్ కంపెనీ చేత దానికి మందు చేయించారు. మామూలు జనం కొనే కార్లలోకి అమెరికాలో 1956లో ప్యాకార్డ్ తెచ్చింది.

ఇప్పుడు మలుపు సంగతి. యూటర్న్ తీసుకునేటప్పుడు లోపలి చక్రం మెల్లగా, బయటి చక్రం వేగంగా తిరగాలి. ఆ తేడా మేరకు ఈ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలి. ఆ జారుడు చాలా నెమ్మది, కానీ పైనుంచి ఒత్తిడి ఎక్కువ. వేగంగా తిరిగే బేరింగ్‌లో అయితే ఆయిల్ తనంతట తానే ఒక పొరలాగా మధ్యలోకి దూరి రెండింటినీ విడదీస్తుంది. ఇక్కడ ఆ వేగం లేదు. ఆయిల్ పక్కకు పోతుంది, ముఖాలు రెండూ దాదాపు తాకుతుంటాయి. ఇంగ్లండ్‌లో విలియం హార్డీ అనే ఆయన 1922లో ఈ స్థితికి బౌండరీ లూబ్రికేషన్ అని పేరు పెట్టాడు. ఇక్కడ ఆయిల్ చిక్కగా ఉందా పలచగా ఉందా అన్నది పెద్దగా పని చేయదు. లోహం ముఖానికి ఏం అంటుకుని ఉందన్నదే లెక్క.

మీ ముందున్న బల్ల మీద బొటనవేలు గట్టిగా అదిమి మెల్లగా ముందుకు తోయండి. పోతోందా? ఆగి ఆగి, తట్టుకుంటూ పోతోంది కదా. ఆగి ఉన్నప్పుడు పట్టు ఎక్కువ, ఒకసారి కదిలాక పట్టు తక్కువ. కాబట్టి పట్టుకుంటుంది, ఒక్కసారిగా వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. క్లచ్ ప్యాక్‌లో ఇదే పని సెకనుకు ఎన్నోసార్లు జరిగితే బండి వెనక నుంచి డకడకమని అదురు, సీటు దాకా వస్తుంది. నేరుగా పోతే ఏమీ ఉండదు, పెట్రోల్ బంకులోకి మలుపు తిప్పగానే మొదలు. ఓనర్ వచ్చి బేరింగ్ పోయిందంటాడు. మనం క్రౌన్ విప్పి పినియన్ ప్లే, అంటే ఇంజన్ వైపు నుంచి బలం తెచ్చే చిన్న గేరు ఎంత వదులుగా ఉందో, చూస్తాం, అక్కడ అంతా బాగుంటుంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని పెద్దోళ్లు ఊరికే అనలేదు. అయితే ఈ బండిలో కందెన ఉంది, ఉండాల్సిన రకం లేదు.

దీనికి ముందు మామూలు క్రౌన్ ఆయిల్‌లో ఏముందో చూడాలి. మనం 90 ఆయిల్, 140 ఆయిల్ అని నంబరు అడిగి కొనేస్తాం. ఆ నంబరు చిక్కదనానికి. దాని పక్కన జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది, అది ఆయిల్‌లో కలిపిన మందుకు. క్రౌన్, పినియన్ పళ్లు హైపాయిడ్ రకం. పినియన్ మధ్య నుంచి కొంచెం కిందికి జరిగి ఉంటుంది, అందుకని పళ్లు దొర్లడమే కాదు, ఒకదాన్నొకటి రుద్దుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి ఏ ఆయిల్ పొరా నిలవదు. అందుకే గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. పాత క్రౌన్ ఆయిల్ వాసన చేతికి అంటితే సబ్బుకూ పోదు చూడండి, అది ఈ గంధకం వాసనే. పన్ను పన్నుతో రుద్దుకుని వేడెక్కిన చోట ఈ మందు ఇనుముతో కలిసి పలచటి పొర అవుతుంది. పళ్లు అతుక్కోకుండా ఆ పొరే అడ్డం పడుతుంది. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు.

మరి ఇంత మందు ఉన్నా ప్లేట్లు ఎందుకు అదురుతాయి? ఈ మందు పని చేయాలంటే బాగా వేడి పుట్టాలి. ప్లేట్ల మధ్య మలుపులో అంత వేడి ఉండదు. పళ్లను కాపాడే మందు వేరు, ప్లేట్లను బుజ్జగించే మందు వేరు. ఈ రెండోదే ఫ్రిక్షన్ మాడిఫైయర్.

అది ఎలా ఉంటుందంటే, పొడుగాటి అణువు. పదహారు, పద్దెనిమిది కార్బన్‌ల గొలుసు. ఒక కొనకు లోహమంటే ఇష్టం, వెళ్లి ఉక్కును పట్టుకుంటుంది. రెండో కొనకు ఆయిల్ అంటే ఇష్టం, పైకి నిలబడుతుంది. లక్షలాది అణువులు పక్కపక్కనే అలా నిలబడితే, వేర్లు నేలను పట్టుకుని దంట్లు గాలికి ఒకే వైపు వంగే జొన్నచేను అనుకోండి. ఎదుటి ప్లేటు మీద కూడా ఇలాంటి చేనే. రెండింటి కొనలు ఒకదాని మీద ఒకటి వాలుతూ జారతాయి, ఉక్కూ ఉక్కూ నేరుగా తాకవు. కదలిక మొదలయ్యే క్షణంలోని పట్టును ఇది తగ్గిస్తుంది. కదిలాక ఉండే పట్టును మాత్రం అంతగా తగ్గించదు. వేగం పెరిగే కొద్దీ పట్టు కొంచెం పెరుగుతూ పోవాలి, మనకు కావలసింది అదే. అప్పుడు ఆగి దూకడం ఉండదు.

ఇక్కడ మన జిల్లా వాళ్లకు ఒక మాట చెప్పకుండా పోలేను. ఇలాంటి పనికి ప్రయోగశాలల్లో మొదట వాడిన పదార్థాల్లో ఓలియిక్ ఆమ్లం ఒకటి. మన శనక్కాయ నూనెలో దాదాపు సగం దాకా ఉండే కొవ్వు ఆమ్లం అదే. ఇప్పుడు గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో అయితే నూటికి ఎనభై దాకా ఉంటుంది. ఇక ఆముదం. మన తాతలు ఎద్దులబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన వేశారు. ఆముదంలో నూటికి 85 నుంచి 90 వంతులు రిసినోలియిక్ ఆమ్లం. దాని గొలుసు మధ్యలో లోహాన్ని పట్టుకునే ఇంకో చెయ్యి ఉంటుంది. అందుకే అది ఇరుసుకు అంటిపెట్టుకుని ఉంటుంది, తొందరగా జారిపోదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు పోసింది కూడా ఆముదమే. అట్లని రేపు ఎవరూ క్రౌన్‌లో శనక్కాయ నూనె పోయొద్దు స్వామీ! ఆ నూనెలు వేడికి గాలి తగిలి జిగురైపోతాయి. గుణం మంచిదే, ఆయుష్షు లేదు. అందుకే కంపెనీ వాళ్లు ఆ గుణాన్నే తీసుకుని, వేడికి తట్టుకునే ఎస్టర్లుగా, అమైడ్లుగా, భాస్వరం కలిపిన రకాలుగా చేసుకున్నారు.

ఇంకో కథ ఉంది, వినండి. అమెరికాలో చాలా ఏళ్లు ఈ పనికి తిమింగలం నూనె వాడారు. స్పెర్మ్ వేల్ అనే పెద్ద తిమింగలం తలలో ఉండే నూనె. అది మామూలు కొవ్వు కాదు, మైనం లాంటి ఎస్టర్. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లోనూ, ఎల్‌ఎస్‌డిల్లోనూ అద్భుతంగా పని చేసేది. 1970లో ఆ తిమింగలాన్ని అంతరించిపోయే జంతువుల జాబితాలో చేర్చారు, 1973లో చట్టమూ వచ్చింది. ఉన్నట్టుండి ఆ నూనె ఆగిపోయింది. దానికి సరితూగేది వెతకడానికి కెమిస్టులు తంటాలు పడ్డారు. ఎడారుల్లో పెరిగే జొజోబా గింజల నూనె దాదాపు అదే రకం మైనం అని తేలింది. మన దేశంలో రాజస్థాన్‌లో దాన్ని పండిస్తున్నారు. తిమింగలాన్ని చంపి చేసిన పని ఒక ఎండు పొద చేసిందంటే, వాన లేని సీమలో ఉండే మనకు కొంచెం సంతోషంగానే ఉంటుంది.

సరే, సీసా దగ్గరికి వద్దాం. ఫోర్డ్, క్రైస్లర్ లాంటి కంపెనీలు అమ్మే ఫ్రిక్షన్ మాడిఫైయర్ సీసా సాధారణంగా 4 ఔన్సులు, అంటే 118 మిల్లీలీటర్లు. రెండు లీటర్ల క్రౌన్‌లో అది ఆరు శాతం కూడా కాదు. మనకు సీసా చూస్తే చిన్నదనిపిస్తుంది, పనిలో పని ఇంకొకటి కూడా పోద్దాం అనిపిస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇది ఎక్కువ పోస్తే మంచిదయ్యే వస్తువు కాదు. మోతాదు మించితే ప్లేట్ల పట్టు మరీ తగ్గుతుంది. అదురు పూర్తిగా పోతుంది, ఓనర్ సంతోషంగా డబ్బులిచ్చి వెళతాడు. తర్వాత చిత్రావతి ఇసుకలో దిగినప్పుడు ఒక చక్రం ఊరికే తిరుగుతుంది. ఎల్‌ఎస్‌డికి డబ్బు పెట్టి మామూలు డిఫరెన్షియల్ తోలుతున్నట్టు. ఇంకొక నష్టం కూడా ఉంది. పళ్లను కాపాడే గంధకం మందు, ఈ మందు రెండూ అదే ఉక్కు ముఖం మీద చోటు కోసం పోటీ పడతాయి. ఇది మరీ ఎక్కువైతే దానికి చోటు తగ్గుతుంది.

తక్కువైతే అదురు. ఆ అదురుతోనే చాన్నాళ్లు తోలితే ప్లేట్ల ముఖం మెరుగెక్కి, నీలం మచ్చలు పడి, ఇక ఏ మందుకూ లొంగదు.

పోసే పద్ధతి. పాత ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే మొత్తం దించండి. ఫిల్లర్ ప్లగ్ వస్తుందా రాదా ముందు చూసుకుని తర్వాతే డ్రెయిన్ ప్లగ్ మీద చెయ్యి వేయండి, ఈ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మందు ముందు పోయండి, ఆయిల్ తర్వాత. ఆయిల్ నిండాక మందుకు చోటు ఉండదు, పోసిందంతా కారిపోతుంది. ప్లేట్లు కొత్తవి వేస్తుంటే బిగించే ముందు కనీసం ఇరవై నిమిషాలు మందులో నానబెట్టండి. పొడి ప్లేటు బిగించి బండి కదిపితే మొదటి మలుపుకే దాని ముఖం కాలుతుంది. అంతా అయ్యాక ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో అటు కొన్ని చుట్లు, ఇటు కొన్ని చుట్లు తిప్పండి. మందు కలిసిన ఆయిల్ ప్లేట్ల మధ్యలోకి వెళ్లాలంటే ప్లేట్లు జారాలి, జారాలంటే బండి మలుపు తిరగాలి. రోడ్డు మీద నేరుగా ఎంత దూరం తోలినా ఆ పని కాదు.

కొన్ని డబ్బాల మీద ఎల్‌ఎస్ అని రాసి ఉంటుంది, మందు అందులోనే కలిసి వస్తుంది. అలాంటి దాంట్లో సీసా మళ్లీ పోయకండి. అలాగని ఆ ఎల్‌ఎస్ ఆయిల్ మిగిలింది కదా అని గేర్‌బాక్సులో కూడా పోయొద్దు. గేరు మార్చేటప్పుడు సింక్రో రింగ్ రాపిడితోనే రెండు వేగాలను కలుపుతుంది. ఆ రాపిడిని తగ్గిస్తే గేరు పడేటప్పుడు గర్రుమంటుంది. జీఎల్-5లోని గంధకం కొన్ని ఇత్తడి సింక్రోలకు కూడా పడదు.

ఇంతకీ ఇది ఏ బండికి కావాలి? మామూలు డిఫరెన్షియల్‌కు అసలు వద్దు, అందులో ఈ ప్లేట్లే లేవు. గేర్లతో పని చేసే టోర్సెన్ రకానికీ ఈ మందు అక్కర్లేదు. అది గేర్ల రాపిడి మీదే ఆధారపడుతుంది, దాన్ని తగ్గిస్తే దాని బలమే తగ్గుతుంది. 2020లో వచ్చిన మహీంద్రా థార్ పై వేరియంట్లలో, బొలెరో నియో పై రకంలో ఉండేది మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. గాలిమరల సైట్లకు తిరిగే బండ్లలో ఇది మీకు తగులుతుంది. అందులో ప్లేట్లు ఉన్నాయి కానీ పని తీరు వేరు. రెండు చక్రాల మధ్య దాదాపు 100 ఆర్‌పీఎం తేడా వస్తే చిన్న తూకపు దిమ్మలు విచ్చుకుని మొత్తంగా లాక్ చేస్తాయి. అందులో పట్టు గబుక్కున పుట్టాలి. ఎల్‌ఎస్‌డి అనుకుని సీసా పోయడం తప్పు. కంపెనీ పుస్తకంలో ఏ ఆయిల్ రాశారో అదే పోయండి. కౌంటర్ మీద చెప్పేది కాదు, పుస్తకంలో ఉన్నది.

ఇప్పుడు మీ అందరి షెడ్డుకూ పనికొచ్చే మాట. మీలో ఎల్‌ఎస్‌డి విప్పేవాళ్లు కొందరే, బైకులు విప్పేవాళ్లు ఎక్కువ. బైకులో ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ అన్నిటికీ ఒకే ఆయిల్. ఖరీదైన కారు ఆయిల్ మంచిదని బైకులో పోసి, తర్వాత క్లచ్ జారుతోందని వస్తారు. ఇంజన్ అరుస్తుంది, బండి ముందుకు పోదు. కారు ఆయిల్‌లో పెట్రోల్ ఆదా కోసం ఇదే జాతి ఫ్రిక్షన్ మాడిఫైయర్ ఉంటుంది. కారు క్లచ్ పొడిగా బయట ఉంటుంది కాబట్టి దానికి ఏమీ కాదు. బైకు క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది. జపాన్ వాళ్లు 1998లో జాసో గ్రేడులు తెచ్చింది దీనికే. ఎంఏ, ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్ ఉన్న బైకుకు పోయొచ్చు. ఎంబీ అని ఉంటే బెల్టుతో నడిచే స్కూటర్లకు.

ట్రాక్టర్‌ది దీనికి తలకిందులు. ఆయిల్ బ్రేక్ ట్రాక్టర్లలో బ్రేకు ప్లేట్లు గేర్ ఆయిల్‌లోనే ఉంటాయి. ముప్పై నుంచి అరవై లీటర్ల దాకా పడుతుంది కాబట్టి రైతు సహజంగానే చవకది వెతుకుతాడు. మామూలు 90 ఆయిల్ పోస్తే బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటుంది, అదురుతుంది. అక్కడ కావలసింది తడి బ్రేకుల కోసం చేసిన ట్రాక్టర్ ఆయిల్, దాంట్లో ఈ మందు మోతాదు ప్రకారం కలిసి వస్తుంది. శనక్కాయ బస్తాల ట్రాలీతో దిగుడు దిగే రైతుకు ఆ కీచుమనే సద్దు చిన్న విషయం కాదు, నచ్చజెప్పండి.

ప్రశ్నలు అడగండి.

(శ్రోత: ఆయిల్ చిక్కగా 140 వేస్తే అదురు తగ్గదా అన్నా?)

పళ్ల మోత కొంచెం తగ్గినట్టు వినిపిస్తుంది, అదురు తగ్గదు. 100 డిగ్రీల దగ్గర 90 గ్రేడు 13.5 సెంటిస్టోక్స్ కంటే పలచన కాకూడదు, 140 అయితే 24 కంటే. ఆ అంకెలు రెండూ చిక్కదనానివే. ప్లేట్ల మధ్య ఆయిల్ పొర నిలవదని ముందే అనుకున్నాం కదా. మన మే నెల ఎండకు కంపెనీ ఒప్పుకుంటే 140 వేయండి, అదురు కోసం వేయకండి.

(శ్రోత: బండికి ఎల్‌ఎస్‌డి ఉందో లేదో విప్పకుండా ఎట్లా తెలుస్తుంది?)

వెనక రెండు చక్రాలూ జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, న్యూట్రల్ చేసి ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిక్కుకు తిరిగితే మామూలుది. అదే దిక్కుకు తిరిగితే ప్లేట్ల ఎల్‌ఎస్‌డి అయ్యుండాలి. ఇందాక చెప్పిన లాకింగ్ రకం మాత్రం మెల్లగా తిప్పితే మామూలుదాని లాగే నడుచుకుంటుంది, దాంతో మోసపోవద్దు.

(శ్రోత: సీసా పోసి, ఎనిమిదులు తిప్పి, అయినా డకడక ఆగకపోతే?)

ముందు కొంచెం ఆయిల్ తీసి చూడండి. తెల్లగా చిక్కబడి ఉంటే నీళ్లు చేరాయి, బ్రీదర్, అంటే లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం, మూసుకుపోయిందేమో చూడాలి. వంకలు దాటే బండ్లలో ఇది మామూలే. వేడి హౌసింగ్ నీళ్లలో దిగగానే చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు కలిస్తే ఎంత మందున్నా అదురుతుంది. నీళ్లు లేకపోతే ఇంకొంచెం మందు, సీసాలో పావు వంతు, అంతే. మళ్లీ తిప్పండి. అప్పటికీ ఆగకపోతే సీసాలు కొనడం ఆపేయండి. ఒక వెనక చక్రం లేపి, కింద ఉన్న చక్రాలకు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి లేపిన చక్రం హబ్బు మీద టార్క్ రెంచి పెట్టి తిప్పండి. ఎంత బలానికి కదులుతోందో పుస్తకంలోని అంకెతో పోల్చండి. చాలా తక్కువకే కదిలితే ప్లేట్లు, స్ప్రింగు అరిగాయి. అంకె సరిగ్గా ఉండి కూడా అదురుతుంటే ముఖాలు మెరుగెక్కాయి. రెంటిలో ఏదైనా ప్యాక్ విప్పి మార్చాల్సిందే. విప్పేటప్పుడు ప్లేట్లు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో గుడ్డ మీద పేర్చి పెట్టుకోండి, ఓనర్‌ను పిలిచి ఆ నీలం మచ్చలు చూపించి ఆ తర్వాతే ఖర్చు చెప్పండి.